వసూలు కాని చిల్లర బకాయిలు: మాఫీ వేరు, రద్దు వేరు

బ్యాంకు అప్పు మాఫీ గురించి ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. పంచాయతీకో, రెవెన్యూకో, కరెంటోళ్లకో మనం పడ్డ నూరూ నూటయాభై బాకీ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అది పుస్తకంలో ఏండ్లకేండ్లు అట్లే నిద్రపోతుంది. మనం ఏదో ఒక కాగితం కోసం ఆఫీసు మెట్లెక్కిన రోజు లేచి కూర్చుంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అల్మాస్‌గూడలో 20 గుంటల తరి ఉన్న రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. పంచాయతీ కాలం నాటి ఇంటి పన్ను కొంత బాకీ. కుంట కింద వరి వేసిన మూడేండ్ల నీటి తీరువా బాకీ. తండ్రి పేరున ఉన్న కుళాయి రుసుం ఇంకొంత. అన్నీ కలిపినా అయిదు వందలు దాటవు. ఇంటి పేరు మార్పిడికి వెళ్తే, "పాత బకాయి ఉంది, ముందు అది తేల్చుకో" అన్నారు. "అదంతా మాఫీ అయింది కదా సార్" అన్నాడు రైతు. "ఎవరు చెప్పారు? పుస్తకంలో ఉంది కదా" అన్నారు అవతలివాళ్లు.

ఎవరి మాట నిజం? ఇద్దరిదీ సగం సగం నిజం కావచ్చు. ఆ సగాలు అర్థం కావాలంటే మూడు మాటలకు తేడా తెలియాలి. ఈ వారం పాఠం అదే.

మూడు మాటలు, మూడు అర్థాలు

మొదటిది మాఫీ. బాకీ ఉన్నమాట నిజం, కట్టే స్తోమత ఉన్నా లేకున్నా ఇక అడగం అని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే అది మాఫీ. దీనికి ఉత్తర్వు ఉండాలి, ఏ తేదీ వరకు, ఏ బాకీకి, ఎవరికి అన్నది అందులో రాసి ఉండాలి. సభలో చెప్పిన మాట, పేపర్లో పడ్డ వార్త ఉత్తర్వు కాదు.

రెండోది లెక్కల్లో రద్దు. బాకీపడ్డ మనిషి చనిపోయాడు, వారసులు లేరు. లేదా ఇల్లు కూలింది, జప్తు చేద్దామన్నా ఏమీ లేదు. ఇక రాదు అని తేలినదాన్ని రాబడి పద్దు నుంచి తీసేయడమే రద్దు. ఇది మనిషికి ఇచ్చే రాయితీ కాదు, పుస్తకాన్ని శుభ్రం చేసుకునే పని.

మూడోది సవరణ. అసలు బాకీయే తప్పు. ఒకే ఇంటికి రెండు నంబర్లు వేశారు, కట్టిన పైసలు వేరేవాళ్ల పేరున జమ చేశారు, వరి వేయని ఏడు కూడా తీరువా రాశారు. ఇక్కడ మాఫీ అడగకూడదు, రద్దు అడగకూడదు. "నేను బాకీ లేను, తప్పు దిద్దండి" అని అడగాలి. మాఫీ అడిగితే బాకీ ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

చాలామంది రైతులు మూడో రకం సమస్యకు మొదటి రకం మందు అడుగుతున్నారు. జ్వరమొచ్చినోడికి పంటినొప్పి మాత్ర ఇస్తే తగ్గుతుందా?

నీటి తీరువా కథ

నీటి తీరువాకు ఆధారం 1988 నాటి ఆంధ్రప్రదేశ్ నీటి పన్ను చట్టం. 1986 జూలై 1 నుంచే అది అమలైనట్టు చట్టంలో పెట్టారు. 1996లో రేట్లు బాగా పెరిగాయి. మొదటి తరగతి వనరుల కింద తొలి తరి పంటకు ఎకరాకు 60 రూపాయలు ఉన్నది 200 అయింది. రెండో తరగతి వనరుల కింద ఎకరాకు 100 రూపాయలు అయింది. మరుసటి ఏడు, 1997లో, సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం వచ్చి నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వసూలైన తీరువాలో ఒక భాగం ఆ సంఘానికి తిరిగివచ్చి కాలువలు, తూములు బాగుచేసుకోవాలన్నది అప్పటి ఆలోచన.

ఇప్పుడు మన 20 గుంటల రైతు లెక్క వేద్దాం. 40 గుంటలు ఎకరం. రెండో తరగతి కింద ఎకరాకు 100 అయితే అరెకరానికి 50 రూపాయలు. మూడేండ్లు కట్టకపోతే అసలు 150. వడ్డీ ఏడాదికి నూటికి 6 చొప్పున బారువడ్డీ అనుకుంటే, 50 రూపాయలకు ఏడాదికి 3 రూపాయలు. మొదటి ఏటి బాకీకి మూడేండ్ల వడ్డీ 9, రెండో దానికి 6, మూడో దానికి 3, వెరసి 18. మొత్తం 168 రూపాయలు.

ఈ 168 రూపాయలకు ఉద్యోగి ఒకరు రెండుసార్లు తిరగాలి. నోటీసు రాయాలి, అందినట్టు సంతకం తేవాలి. కట్టకపోతే రెవెన్యూ వసూళ్ల చట్టం కింద భూమి శిస్తు బకాయి లెక్కనే వసూలు చేయవచ్చు గానీ, 168 రూపాయలకు జప్తు దండోరా వేస్తే ఖర్చు అంతకు రెండింతలు అవుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. అందుకే ఎవరూ తవ్వలేదు. ఎలుక మాత్రం పుస్తకంలో ఉండిపోయింది.

తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడి ప్రభుత్వం నీటి తీరువా పాత బకాయిలను రద్దు చేసి, వసూలును ఆపేసింది. ఆంధ్రప్రదేశ్‌లో తీరువా కొనసాగింది. 2025లో అక్కడి మంత్రివర్గం పాత బకాయిలపై వడ్డీని మాఫీ చేయడానికి ఒప్పుకుంది. అసలు మాత్రం కట్టాల్సిందే. రెండింటినీ జనం "తీరువా మాఫీ" అనే పిలిచారు. ఒక చోట బాకీయే పోయింది, ఇంకో చోట వడ్డీ ఒక్కటే పోయింది. మాట ఒకటే, జేబులోంచి పోయే పైసలు వేరు. అందుకే మాఫీ అనగానే "దేనికి? అసలుకా, వడ్డీకా?" అని అడగడం అలవాటు చేసుకోండి.

పంచాయతీ పోయింది, బాకీ పోయిందా?

అల్మాస్‌గూడ, నాదర్‌గుల్, గుర్రంగూడ వైపు రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒకప్పుడు అల్మాస్‌గూడ సరూర్‌నగర్ మండలంలో గ్రామ పంచాయతీ. తర్వాత బడంగ్‌పేట పురపాలికలో కలిసింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనప్పుడు బాలాపూర్ మండలం ఏర్పడింది. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ అయింది. 2025 డిసెంబరులో, ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఉన్న మిగతా పట్టణ సంస్థలతోపాటు దాన్నీ హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిపారు.

ఇన్నిసార్లు బోర్డు మారింది కదా, పాత బాకీ ఎటో కొట్టుకుపోయి ఉంటుందని కొందరు ధీమాగా ఉన్నారు. అట్లా అనుకోవద్దు. ఒక సంస్థ ఇంకోదానిలో కలిసినప్పుడు ఆస్తులు, అప్పులు, రావాల్సిన బాకీలు అన్నీ కొత్త సంస్థకు వెళ్తాయి. పెండ్లయి ఇంటిపేరు మారినంత మాత్రాన పుట్టింటి అప్పు పోదు కదా!

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. పుస్తకాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు, కాగితం నుంచి కంప్యూటరుకు ఎక్కేటప్పుడు బాకీ తప్పక వెళ్తుంది గానీ, మీరు కట్టిన రశీదు వివరం వెనకబడిపోవచ్చు. అంటే కట్టినవాడు కూడా బాకీదారుగా తేలవచ్చు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది మీ ట్రంకుపెట్టెలోని పాత రశీదు ఒక్కటే. పాత పంచాయతీ రశీదులు పారేయకండి. సిరా వెలిసిపోతుంటే ఇప్పుడే నకలు తీయించి పెట్టుకోండి.

పురపాలికల్లో వడ్డీ మాఫీ

పట్టణ సంస్థల ఆస్తి పన్ను బకాయిలపై వడ్డీ నెలనెలా పెరుగుతుంది. పంచాయతీ పన్నుకు అలవాటుపడ్డ రైతుకు ఇది పెద్ద దెబ్బ. దీనికి ప్రభుత్వం అప్పుడప్పుడు ఒకేసారి చెల్లింపు పథకం పెడుతుంది. 2020లోనూ, 2022లోనూ పెట్టిన పథకాల్లో అసలు మొత్తం, దానితోపాటు పేరుకున్న వడ్డీలో నూటికి 10 వంతులు ఒక్కసారే కడితే మిగిలిన 90 వంతుల వడ్డీ మాఫీ చేశారు.

ఉదాహరణకు అసలు 2,000, వడ్డీ 1,500 అనుకోండి. అసలు 2,000, వడ్డీలో పదోవంతు 150, కలిపి 2,150 కడితే బాకీ తీరుతుంది. 1,350 మిగులుతుంది. అయితే ఇటువంటి పథకానికి గడువు తేదీ ఉంటుంది. గడువు దాటిన మరునాడు పాత వడ్డీ మొత్తం మళ్లీ మీ నెత్తినే. కనుక పథకం నడుస్తోందో లేదో ముందు వార్డు ఆఫీసులో కనుక్కుని, తర్వాతే పైసలు సర్దుకోండి. రేపో మాపో మాఫీ వస్తుందని ఏండ్ల తరబడి ఆపుకోవడం తెలివైన పని కాదు. వడ్డీ మాఫీ వచ్చినా అసలు కట్టకతప్పదు.

ఉచిత కరెంటులోనూ చిల్లర ఉంది

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంపై మొదటి సంతకం చేశారు. రైతుల పాత కరెంటు బకాయిలనూ మాఫీ చేశారు. అది నిజమైన మాఫీ. కానీ ఆ తర్వాత కూడా ఉచిత కనెక్షన్లకు నెలకు 20, 30 రూపాయల లెక్కన కస్టమర్ ఛార్జీ ఉండేది. "ఫ్రీ కరెంటే కదా, మళ్లీ ఇదేంది" అని చాలామంది కట్టలేదు. నెలకు 30 అంటే ఏడాదికి 360, అయిదేండ్లకు 1,800. ట్రాన్స్‌ఫార్మర్ కాలి, సర్వీసు మార్పిడికి వెళ్లిన రోజు ఈ లెక్క బయటపడేది. చిన్న రుసుం పెద్దదయ్యేది రేటు వల్ల కాదు, మరుపు వల్ల.

పంచాయతీ రద్దు ఎట్లా చేస్తుంది?

ఇప్పటికీ పంచాయతీలోనే ఉన్న ఊళ్ల రైతులు ఇది గుర్తు పెట్టుకోవాలి. వసూలు కాదని తేలిన పన్నును, రుసుమును రద్దు చేసే వీలు పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. కానీ సర్పంచి ఒక్కడు తలచుకుంటే అయ్యేది కాదు. కార్యదర్శి బకాయిల జాబితా తయారుచేయాలి. ఎందుకు వసూలు కాదో ప్రతి పేరు ఎదుట కారణం రాయాలి. పాలకవర్గం సమావేశంలో పెట్టి తీర్మానం చేయాలి. నిబంధనల ప్రకారం కావలసిన చోట పై అధికారి అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత ఆడిట్ వాళ్లు వచ్చి కారణాలు సరైనవో కావో చూస్తారు.

ఆ జాబితాను అయిదు కుప్పలుగా పోస్తే పని తేలికవుతుంది.

ఒకటి: తప్పుగా ఎక్కిన బాకీ. రెండు నంబర్లు, రెండుసార్లు రాసినవి. ఇవి రద్దు కావు, సవరణ.

రెండు: ఇల్లు కూలిపోయి, స్థలం పాడుబడి, అడిగేందుకు మనిషి లేనివి.

మూడు: బాకీదారు చనిపోయి, ఆస్తీ వారసులూ లేనివి. ఆస్తి తీసుకున్న వారసులుంటే వాళ్లు కట్టాల్సిందే.

నాలుగు: వలస వెళ్లి ఏండ్లయి, జాడ లేనివి.

అయిదు: కట్టగలిగి కట్టనివి. మూడంతస్తుల ఇల్లు, ముందు కారు, పన్ను మాత్రం పదేండ్లుగా బాకీ. ఈ కుప్పను రద్దు జాబితాలో కలిపితే అది అన్యాయం. గ్రామసభలో మీరు నిలబడి అడగాల్సింది దీని గురించే.

ఎందుకంటే పెద్దోళ్ల బాకీ చిన్నోళ్ల జాబితాలో దూరిపోవడం తేలిక. యాభై మంది పేదల యాభై యాభై రూపాయల మధ్య ఒక్క పెద్ద బాకీ పెడితే ఎవరూ గమనించరు. పేదల పేరు చెప్పి చేసే రద్దులో ఎవరి వాటా ఎంతో మొత్తాలతో సహా చదివి వినిపించమనండి. అది మీ హక్కు.

కట్టినోడు వెర్రోడా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రతి ఏడూ ఏప్రిల్‌లోనే పన్ను కట్టిన రైతుకు, పక్కింటాయన బాకీ రద్దయిందని వింటే కడుపు మండుతుంది. పన్ను పైసలతోనే వీధి దీపం వెలుగుతుంది, బోరు మోటారు కరెంటు బిల్లు కడతారు, మోరీ తీయిస్తారు. ఒకరు ఎగ్గొడితే ఆ భారం కట్టేవాళ్ల మీద పడుతుంది.

అయినా చిన్న మొండి బకాయిలను ఎప్పుడో ఒకప్పుడు తుడిచేయాల్సిందే. ఢిల్లీ ప్రభుత్వమే ఆ పని చేసింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పాత ఆదాయపు పన్ను డిమాండ్లు ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. 2009-10 వరకు ఉన్నవి 25,000 రూపాయల దాకా, 2010-11 నుంచి 2014-15 వరకు ఉన్నవి 10,000 దాకా తీసేశారు. వాటిలో కొన్ని 1962 నాటివి! తేలని పాత లెక్కల వల్ల నిజాయితీగా కట్టేవాళ్లకు ఇబ్బందిగా ఉందని, తిరిగి రావాల్సిన పైసలు ఆగిపోతున్నాయని కారణం చెప్పారు. సుమారు కోటి మందికి మేలు జరుగుతుందన్నారు.

ఉద్యోగస్థుడి పాతికవేల లెక్కకు ఆ న్యాయం ఉంటే, అరెకరం రైతు 168 రూపాయలకు ఎందుకు ఉండకూడదు? ఉండాలి. కానీ కారణం రాసి, తీర్మానం చేసి, అందరికీ ఒకే కొలతతో జరగాలి. అప్పుడు కట్టినోడు వెర్రోడు కాడు. కట్టినోడికి రశీదు ఉంది, గౌరవం ఉంది, ఏ ఆఫీసుకైనా తలెత్తుకుని పోగలడు.

మీరు ఇప్పుడు చేయాల్సింది

ముందుగా ఏ బాకీ ఎవరి పుస్తకంలో ఉందో విడదీసుకోండి. నీటి తీరువా రెవెన్యూది, తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. ఇంటి పన్ను పంచాయతీది లేదా పట్టణ సంస్థది. సర్వీసు ఛార్జీ విద్యుత్ సంస్థది. పంట రుణం బ్యాంకుది లేదా సహకార సంఘానిది. ఒకరి దగ్గర మాఫీ అయితే ఇంకొకరి దగ్గర అయినట్టు కాదు.

రెండో పని, బకాయి వివరం కాగితం మీద అడగండి. ఏ సంవత్సరానిది, అసలెంత, వడ్డీ ఎంత, ఏ నంబరు మీద అన్నది విడివిడిగా ఉండాలి. "మొత్తం ఇంత" అని నోటిమాట చెబితే ఒప్పుకోకండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుం లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మూడో పని, అర్జీ. తెల్లకాగితం చాలు. ఇట్లా రాయండి:

"అయ్యా, మా ఇంటి నంబరు ఫలానా. ఫలానా సంవత్సరాల పన్ను బకాయి ఉన్నట్టు మీ పుస్తకంలో ఉంది. ఇందులో ఫలానా ఏడు పన్ను నేను ఫలానా తేదీన కట్టాను, రశీదు నకలు జతచేశాను. ఆ మేరకు పద్దు సవరించగలరు. మిగిలిన బకాయికి మాఫీ ఉత్తర్వు ఏదైనా వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు. వర్తించకపోతే కట్టడానికి సిద్ధంగా ఉన్నాను."

చివరి వాక్యం తప్పక ఉండాలి. కట్టనని మొండికేసే మనిషి కాదు, లెక్క అడిగే మనిషి అని అది చెబుతుంది. అర్జీ రెండు ప్రతులు రాసి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

నాలుగో పని, తుడిచేశామని చెప్పాక కూడా ఆగకండి. నెల రోజుల తర్వాత వెళ్లి పద్దు చూడండి. సున్నా కనబడితేనే నమ్మండి. వీలైతే బకాయి లేదన్న ధ్రువపత్రం తెచ్చుకోండి. లెక్కల్లో రద్దయినది మాఫీ కాదని, కట్టగల స్తోమత బయటపడితే మళ్లీ అడగవచ్చని కూడా గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక. "నీ బాకీ నేను రద్దు చేయిస్తా, సగం నాకియ్యి" అనే మనిషి ప్రతి ఆఫీసు ముందూ, చాయ్ దుకాణం కాడ దొరుకుతాడు. వాడికిచ్చిన పైసలకు రశీదు ఉండదు, బాకీ పుస్తకంలో అట్లే ఉంటుంది. అయిదు వందల బాకీకి రెండు వందల యాభై అతనికి పోసి, తర్వాత మళ్లీ అయిదు వందలూ కట్టాల్సి వస్తుంది. రశీదు లేని రూపాయి కట్టినట్టే కాదు.

మన 20 గుంటల రైతు దగ్గరికి మళ్లీ వద్దాం. తీరువా 168 ప్రభుత్వం తీసేసిన ఖాతాలోది, ఉత్తర్వు చూపమని తహసీల్దారు ఆఫీసులో రాసివ్వాలి. ఇంటి పన్నులో కట్టినదానికి రశీదు చూపి సవరణ అడగాలి, మిగిలింది కట్టాలి. తండ్రి పేరున ఉన్న కుళాయి బాకీ, ఇల్లు తనకే వచ్చింది కనుక, తనే కట్టాలి. లెక్క తేలేసరికి అయిదు వందల బాకీ రెండు వందలకు దిగవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఇంటి పేరు మార్పిడికి అడ్డం తొలగుతుంది. రేపు ఆ ఇల్లు బిడ్డల చేతికి పోయేటప్పుడు వెనకాల పాత బాకీ నీడ ఉండదు.

ఈ ఆదివారం ట్రంకుపెట్టె తెరవండి. రశీదులన్నీ సంవత్సరం వారీగా పేర్చండి. ఏ ఏడు లేదో చూడండి. పని అక్కడినుంచే మొదలవుతుంది.